మొన పైకి గుచ్చిన సూది

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా అమ్మ వల్లకాడు పక్కనుండే కంపచెట్లు కొట్టి, ఆ కట్టెలమ్మి మమ్మల్ని సాకింది. ఆమె కొంగు పట్టుకొని పొద్దుగూకాక కూడా ఆ దారిన ఎన్నోసార్లు నడిచాను. తేళ్ళను చూశాను, పాములను చూశాను, రెడ్డి మనుషులను చూశాను. దయ్యం మాత్రం ఎదురుపడలేదు. చచ్చినవాళ్ళు తీర్పు దినం దాకా నిద్రపోతారని మా గుడి అయ్యగారు చెప్పేవాడు. నాకది సరిగ్గానే అనిపించేది. బతికినన్నాళ్ళూ నిద్రలేని వాళ్ళు చచ్చాకైనా పడుకోవద్దా?

నేను అక్షరాలు దిద్దింది మనవరాలు బడికి పోతున్న వయసులో. అంతవరకు ఈ సంగతి నోటితోనే చెప్పేదాన్ని. విన్నవాళ్ళు తలా ఒక ముక్క తగిలించారు. మా కోడలి చెల్లెలు చెప్పేటప్పుడైతే మిషను తనంతట తానే తిరిగిందట, మస్తాన్ సాయిబు కిటికీలోంచి తొంగి చూశాడట. అప్పుడు మేమున్న ఇంటికి అసలు కిటికీయే లేదు. అందుకే జరిగింది జరిగినట్టు నా చేత్తోనే రాస్తున్నాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మాట. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. జట్కాలకు తెరిపి ఉండేది కాదు. మేము కోడుమూరు పక్క పల్లె నుంచి వచ్చి, పాతబస్తీ చివర ఒక్క గది ఇంట్లో దిగాము.

మా ఆయన పేరు దావీదు. చిన్నప్పటి నుంచి ఒక రెడ్డి దగ్గర జీతం ఉన్నాడు. అప్పట్లో మా వైపు బావుల్లో నీళ్ళు కపిలతో తోడేవాళ్ళు. ఎద్దులు మోకు లాగితే ఇనుప బాన పైకి వస్తుంది. బాన అడుగున కట్టిన తోలు తొండంలోంచి నీళ్ళు కాలువలో పడతాయి. తొండం చినిగితే నీళ్ళన్నీ మళ్ళీ బావిలోకే. ఆ తొండాలు కుట్టడంలో మా ఆయనకు మంచి పేరు. కానీ ఒకసారి మోకు కింద పడి కుడిచేతి బొటనవేలు నలిగిపోయింది. ఆ తర్వాత తోలుకు కన్నాలు పొడిచే ఆరె పట్టి గట్టిగా పొడవలేకపోయాడు.

అయినా జీతం మానేస్తానని మొండికేశాడు. ఆ రోజుల్లో మా వాళ్ళు ఆ మాట అనడమంటే తేలిక కాదు. రెడ్డి కోప్పడలేదు. నవ్వాడు.

"పోరా, ఎవరొద్దన్నారు? ఎండలు ముదిరేలోగా నా మిరపతోట రెండు బావులకు కొత్త తొండాలు తెచ్చియ్యి. తెస్తివా, నీ దోవ నీది. తేకుంటే ఎద్దుల కొట్టం ఖాళీగానే ఉండాది. నీ పెండ్లాన్ని గూడా పిల్చుకోని రా."

మేము పట్నం వచ్చింది ఆ మాట మోసుకొనే.

మా వీధిలోనే మస్తాన్ సాయిబు ఇల్లు. జట్కా గుర్రాలకు జీనులు, పట్టెడలు కుట్టేవాడట. మేము వచ్చేనాటికే చనిపోయాడు. భార్య ఖాసింబీ ఒక్కతే ఉండేది. పిల్లల్లేరు. పెద్దామె. తలకు నూనె పెట్టుకోవడం మానేసింది. జుట్టు కొబ్బరి పీచులా ఎర్రబడి ఉండేది. ఆయన మిషను వరండాలో గోనెపట్ట కింద పడి ఉంది.

తెల్లదొరల దండు కాలంలో వచ్చిన మిషనట అది. బట్టలు కుట్టే మిషను లాంటిది కాదు. ముందుకు పొడుచుకొచ్చిన లావాటి ఇనుప చెయ్యి ఉంటుంది. గొట్టంలాంటి దాన్ని ఆ చేతికి తొడిగి చుట్టూ కుట్టొచ్చు. తొండం కుట్టేవాడికి అంతకంటే ఏం కావాలి? మా ఆయన దాన్ని చూసినప్పుడు, జాతరలో మంచి ఎద్దును చూసినవాడిలా చుట్టూ తిరిగాడు.

"తీసుకోని పోండి నాయనా" అంది ఖాసింబీ. "దాని మొగం చూస్తాంటే నాకు కడుపు మండుతాది. నేను బతికినన్నాళ్ళు ఇన్ని జొన్నలు పొయ్యండి, సాలు."

ఇంటికి తెచ్చినప్పుడు చక్రం కొంచెం కూడా కదల్లేదు. మా ఆయన కొయ్యసుత్తితో అక్కడక్కడ మెల్లగా తట్టాడు. నేను కోడి ఈకను కిరసనాయిల్లో ముంచి కీలుకీలుకూ పూశాను. సూది కింది రేకు విప్పితే తోలు పొట్టూ పాత నూనే కలిసి తెలగపిండిలా గట్టిపడి ఉంది. వెదురు పుల్లతో గీకి తీశాను. కనబడిన ప్రతి నూనె కన్నాన్నీ పుల్లతో పొడిచి నోటితో ఊదాను. తుప్పు మీద బూడిద వేసి గోనెగుడ్డతో తోమాను. చాలా రోజులు మా అన్నంలో కూడా కిరసనాయిలు వాసనే. చివరికి ఒకరోజు చక్రం కదిలింది. మా ఆయన చిన్నపిల్లవాడిలా దాన్ని ముందుకొకసారి, వెనక్కొకసారి తిప్పుతూ కూర్చున్నాడు.

అప్పుడు మేము చేసిన పని తోలుపనివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. మాకు ఆముదమంటే అన్నం లాంటిది. ఎండిన తోలుకు ఆముదం పట్టిస్తే మెత్తబడుతుంది, నీళ్ళలో నానినా చెడదు. తోలుకు మంచిదైనది తోలు కుట్టే మిషనుకు చెడ్డదెట్లా అవుతుంది? నేను వెచ్చజేసి ఇచ్చాను, ఆయన ప్రతి కన్నంలోనూ నిండా పోశాడు. మొదట బ్రహ్మాండంగా తిరిగింది. ఎండకు ఆముదం చిక్కబడింది. అందులో తోలు పొట్టు పడింది. బంకపట్టి, మిషను మునుపటికంటే గట్టిగా బిగుసుకుపోయింది.

"కాంచి ఇచ్చింది నువ్వు" అన్నాడాయన.

"పోసింది నువ్వు" అన్నాను నేను.

జొన్నల కోసం వచ్చిన ఖాసింబీ గడపలో కూర్చొని పడి పడి నవ్వింది. "మిషనేమన్నా బాలింతరాలా మే, ఆముదం పట్టిచ్చడానికి? పల్చని నూనె ఉంటాది, మిషను నూనె. గడియారాలు బాగుచేసే ఆయప్ప కాడ దొరుకుతాది."

"యాడయాడ పెట్టేటోడమ్మా సాయిబు?" అని అడిగాను.

"నాకేం తెలుసు? నన్ను దగ్గరికి రానిస్తే గదా! పొద్దన లేస్తానే నా మొగం గూడా చూసేటోడు కాదు. దానికి నూనె పెట్టల్ల, తుడ్సల్ల, ఆ పైనే చాయ్. ఆ చేత్తో నా నెత్తిన ఒక్క సుక్క పెట్టినాడా ఎన్నడన్నా?" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వడం లేదు.

మళ్ళీ అంతా విప్పి, కిరసనాయిలుతో కడిగి, ఆ పల్చటి నూనె ఒక చిన్న డబ్బా తెచ్చి ఒకసారి పెట్టాము. తిరిగింది గానీ బరువుగా తిరిగింది. జానెడు కుట్టేసరికి మా ఆయన పిక్కలు పట్టేసేవి. ఎక్కడ పట్టుకుంటున్నదో తెలియలేదు. ఆముదం గొడవ తర్వాత ఇద్దరమూ నూనె మాట ఎత్తడం మానేశాము. ఎత్తితే పోట్లాటే.

మా రోజు ఇలా ఉండేది. పొద్దున ఆయన కుట్టేవాడు. మిట్టమధ్యాహ్నం ఆ గదిలో పొయ్యిలో ఉన్నట్టుండేది. నేను కాలువకు పోయి బట్టలు ఉతికి, చెట్టు నీడలో కూర్చొనేదాన్ని. ఆయన తోళ్ళు నానబెట్టడానికి వేరే రేవుకు పోయి అక్కడే కునుకు తీసేవాడు. తాళంచెవి తలుపు పైనున్న గూట్లో ఉండేది. ముందు వచ్చినవాళ్ళు తీసేవాళ్ళు.

ఒకరోజు నేను ముందుగా వచ్చి దారం సర్దబోతే అరచేతిలో సూది దిగింది. దారానికి పట్టించే తేనెమైనం ముద్ద మిషను పక్కన ఉండేది. మిషను సూదిని విప్పి ఎవరో అందులో గుచ్చారు. మామూలుగా మొనను మైనంలో గుచ్చుతాము. ఇది మొద్దు కొస లోపలికి, మొన పైకి ఉంది. మా ఆయనను మనసులో తిట్టుకున్నాను. చూస్తే కన్నాలన్నింటిలో నూనె మెరుస్తున్నది. రేకు తుడిచి ఉంది. పోనీలే, నోరు తెరిచి ఒప్పుకోకపోయినా పని చేస్తున్నాడు కదా అనుకున్నాను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మిషను రోజురోజుకూ తేలికైంది. తొక్కితే నీళ్ళ మీద పడవ పోయినట్టు పోయేది. మొదటి తొండం పూర్తయింది. మా ఆయన పాటలు కూడా మొదలుపెట్టాడు. నేను ఆయన పట్ల మెత్తబడ్డాను. ఆయన కూడా నా పట్ల మెత్తబడ్డాడు, ఎందుకో నాకప్పుడు తెలియదు. ఒక సాయంత్రం మల్లెపూలు కూడా తెచ్చాడు.

రెండో తొండం సగంలో ఉండగా నల్లటి నూనె చుక్క ఒకటి కొత్త తోలు మీద పడింది. ఆయన విసుక్కున్నాడు.

"ఇంత బాగా పెడ్తాండావు గదా, కిందికి కారేటంత యాల పోస్తివి?"

"ఏంది పోసింది?"

"నూనె. రోజూ నువ్వే గదా పెడ్తాండావు."

"నేనా? నువ్వు గదా!"

ఇద్దరమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఆయన నేను పరాచికమాడుతున్నాననుకొని నవ్వబోయి ఆగిపోయాడు. నేను అటక మీది నూనె డబ్బా దింపాను. మూతికి కట్టిన గుడ్డ నేను కట్టిన ముడితోనే ఉంది. మొదటిసారి వాడగా మిగిలిన నూనె అట్లాగే ఉంది.

ఆ చుక్క ఎక్కడి నుంచి పడిందో చూద్దామని మిషనును ఇద్దరం పట్టి పక్కకు ఒరిగించాము. ఇనుప చేతి అడుగున, పీఠానికి ఆనుకొని, ఇత్తడి మూతలాంటి చిన్న రేకు ఉంది. వేలితో జరిపితే లోపల కన్నం. నిండా నూనె. నేను ఆ మిషనును పుల్లపెట్టి గీకిన మనిషిని. అక్కడ కన్నం ఉందని నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. ఇన్నాళ్ళూ బరువుగా తిరిగింది ఆ కీలు ఎండిపోవడం వల్లనే అని మాత్రం అప్పుడు అర్థమైంది.

మొదట మాకు ఖాసింబీ మీదే అనుమానం వచ్చింది. కానీ ఆమె గోడ పట్టుకొని గానీ నడవలేదు. మా తలుపు పైగూడు అందుకోవాలంటే నేనే మడమలెత్తాలి. పైగా కన్నాలెక్కడో తనకు తెలియదని చెప్పింది. అయినా మర్నాడు తాళం వేసి, చెవి నా కొంగుకు ముడేసుకొని, ఇద్దరమూ కలిసి పోయాము. కలిసి వచ్చాము. తలుపు తీస్తే సూది మైనంలో ఉంది, మొన పైకి.

అప్పటి నుంచి నాకు ఒక చోట కాలు నిలవలేదు. కాలువ గట్టు మీద పని లేకపోయినా అటూ ఇటూ తిరిగేదాన్ని. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేదాన్ని. అన్నం తింటూ మధ్యలో లేచేదాన్ని. భయమని అనలేను. మన ఇంట్లోకి ఒకరు వచ్చి మన పని చేసి పోతుంటే, మనం ఏమీ అనకుండా ఉంటే ఎట్లా ఉంటుంది? అట్లా ఉండేది. ఒక మధ్యాహ్నం పట్టలేక ఇంట్లోనే కూర్చున్నాను. చెమటలు కారుతున్నా మిషను మీది నుంచి చూపు తిప్పలేదు. ఏమీ జరగలేదు. సూది దాని చోటనే ఉంది. మర్నాటికి మిషను కొంచెం బరువెక్కింది.

"నువ్వు కాపలా కూకోవద్దు" అన్నాడు మా ఆయన.

"ఎవరో ఏందో తెలవకుండా ఎట్ల?"

"ఎవరైతే నీకేం? మంచే చేస్తాండాడు గదా. పని అయ్యేదాంక బయటుండు."

ఆ వారంలోనే రెడ్డి మనిషి ఒకడు కోర్టు పని మీద పట్నం వచ్చి మా గడపలో నిలబడి చుట్ట కాల్చాడు. "కొట్టం ఊడిపిచ్చి పెట్నాడప్పా రెడ్డి, నీ కోసరం. కొత్త గుంజ గూడా పాతిచ్చినాడు" అని నవ్వాడు. మా ఆయన తలెత్తకుండా కుట్టాడు. నేను ఆ మధ్యాహ్నం నుంచి బయటే ఉన్నాను.

ఇంక రెండో తొండం మూతి మాత్రమే మిగిలింది. దళసరి మడత అది, మిషను కష్టమంతా అక్కడే. సరిగ్గా ఆ రోజు ఖాసింబీ జొన్నల కోసం వచ్చింది. కూర్చోబోయి మిషను బల్ల మీద చెయ్యి ఆనించింది. "అల్లా" అని చెయ్యి లాక్కుంది. అరచేతిలో నెత్తురు బొట్టు. ఆమె ఆ మైనం ముద్దను అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

"ఇట్ల ఎవరు గుచ్చినారు?"

నేను గుడ్డపేలిక తెచ్చి ఆ నెత్తురు అద్దాను.

"మొన మొద్దుబారిందో లేదో కనపడల్లని ఆయన ఇట్లనే గుచ్చేటోడు. ఎన్నిసార్లు తిట్టినానో! నా చేతులు సూడు" అని తన అరచేతులు తిప్పింది.

నాకు దాచడం చేతకాలేదు. అంతా చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ఆమెకు భయం రాలేదు. మొహం ముడుచుకుంది.

"ఈడికి వస్తాండాడా? నా కలలోకి గూడా ఒక్కనాడు రాలేదు మార్తమ్మా. పోయినంక ఎన్ని పొద్దులు తలుపు తట్టు చూస్తా కూసున్నా. ఈ ఇనప ముండ కోసరం వస్తాండాడా?"

కళ్ళు తుడుచుకొని, మధ్యాహ్నం ఆ గదిలో తనను ఒక్కదాన్నే కూర్చోనివ్వమని అడిగింది.

మా ఆయన నన్ను బయటకు పిలిచాడు. గొంతు తగ్గించి అన్నాడు: "ఒద్దు. నువ్వు కూకుంటేనే రాలేదు. ఆమె కూకుంటే మళ్ళా ఎప్పటికీ రాడేమో. మూతి కుట్టాల్సి ఉండాది. ఇప్పుడు బిగుసుకుంటే మన గతేంది? ఆ కొట్టంలో పండుకోగలవా?"

ఆయన మాటలో తప్పు లేదు. ఆ కొట్టం వాసన నాకు తెలుసు. ఆ కొత్త గుంజ నా కళ్ళ ముందే ఉంది. కానీ గడపలో కూర్చున్న ఆ ముసలామెను చూశాను. కొబ్బరి పీచులాంటి ఆ తలను చూశాను. మా ఆయన చనిపోయాక కూడా ఇంకెవరింట్లోనో పని చేస్తున్నాడని తెలిస్తే నేను ఊరుకుంటానా? తాళంచెవి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆయన నన్ను తిట్టలేదు. నానబెట్టిన తోలు ఒకటి భుజాన వేసుకొని వీధి చివర దాకా పోయి, అక్కడ నిలబడిపోయాడు.

ఆమె లోపల గడియ పెట్టుకుంది. నేను ఎదురింటి గోడ నీడలో కూర్చున్నాను. వీధిలో కుక్క కూడా లేదు. మధ్యలో ఒకసారి మిషను చక్రం మెల్లగా ఒక చుట్టు తిరిగినట్టు వినిపించింది. నూనె పెట్టాక అది లోపలికి దిగడానికి తిప్పుతారే, అట్లా. వీధి చివర ఉన్న మా ఆయనకు ఏమీ వినబడలేదట. నాకు వినిపించిందని నేను ప్రమాణం చేయను.

నీడ మా గడప దాటాక తలుపు తెరుచుకుంది. ఖాసింబీ బయటకు వచ్చింది. మెట్టు దిగలేకపోతుంటే రెండు చేతులూ పట్టుకొని దింపాను. అప్పుడు చూశాను. ఆమె తలకు నూనె ఉంది. నడినెత్తిన పాపిట పొడుగునా, చుక్క చుక్కగా పెట్టి వేలితో రాసినట్టు, ఎండకు మెరుస్తున్నది. వాసన చూశాను. కొబ్బరినూనె కాదు, ఆముదం కాదు. మిషను నూనె.

తనే పెట్టుకుంది అనొచ్చు. నేనూ అదే అనుకోవాలనుకున్నాను. కానీ ఆమె చేతులు నా చేతుల్లోనే ఉన్నాయి. ఎండిన జొన్నాకుల్లా గరగరలాడుతున్నాయి. ఒక్క వేలికీ నూనె జిడ్డు లేదు. లోపల నూనె డబ్బా అటక మీదనే ఉంది, నా ముడితోనే ఉంది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఏమైతాది? కునుకు పట్టింది" అంది. జొన్నల మూట తీసుకొని గోడ పట్టుకొని వెళ్ళిపోయింది. ఆ మాటకు మించి ఆమె ఎన్నడూ ఏమీ చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు.

మా ఆయన భయపడినట్టే జరిగింది. ఆ రోజు కన్నాలు పొడిగా ఉన్నాయి. మర్నాడూ పొడిగానే ఉన్నాయి. సూది దాని చోట నుంచి కదల్లేదు. నేను లేచి డబ్బా దింపాను. సూది విప్పి మైనంలో గుచ్చాను, మొన పైకే. ఒక్కొక్క కన్నంలో ఒక్కొక్క చుక్క వేశాను, చేతి అడుగునున్న ఇత్తడి మూత కింద కూడా. చక్రం ఒక చుట్టు తిప్పాను. పనికిరాని తోలుముక్క మీద దారం లేకుండా నడిపి, ఎక్కువైన నూనె తుడిచాను. మా ఆయన కూర్చొని తొక్కాడు. తొండం మూతి ఒక్క కుట్టు తప్పకుండా పడింది.

తొండాలు బావులకు కట్టిన రోజు నేనూ వెళ్ళాను. నీళ్ళు ఒక్క బొట్టు కారలేదు. రెడ్డి తల ఊపాడంతే. తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన ఆ కొట్టం వైపు చూడకుండా నడిచాడు. మళ్ళీ మేము ఎవరి దగ్గరా జీతం ఉండలేదు.

ఖాసింబీ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ తలకు నూనె పెట్టుకుంది. మామూలు కొబ్బరినూనే. కపిలలు పోయి ఇంజన్లు వచ్చాయి. మిషను మీద మేము చెప్పులు, సంచులు కుట్టి పిల్లల్ని సాకాము. అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. నూనె పెట్టేది నేనే. సూది మొన పైకి గుచ్చినప్పుడల్లా మా కోడలు తిడుతుంది.

ఇది ఎట్లా జరిగిందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే వింటాను.

ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా ఆయన చనిపోయిన ఏడాది, ఎండాకాలంలో, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం నేను ఆ గదిలో గడియ పెట్టుకొని మిషను పక్కన కూర్చున్నాను. అంతకుముందు కొన్ని రోజులు నూనె పెట్టకుండా దాన్ని ఎండబెట్టి ఉంచాను. ఎండ వాలిపోయేదాకా కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను కూడా. లేచేముందు తల తడుముకున్నాను.

పొడిగానే ఉంది.